రెండు పేజీల దరఖాస్తు చాలు

మార్చి వచ్చిందంటే పెద్ద కంపెనీల్లో కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల లెక్కలు తేల్చే తొందర మొదలవుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఖర్చు చూపాలి కదా! సరిగ్గా ఆ రోజుల్లోనే ఏదో ఒక మండల కేంద్రంలో కూలీల పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పే కుర్రాళ్లు గది అద్దె కట్టలేక యజమానిని గడువు అడుగుతుంటారు. ఒంటరి వృద్ధులకు మధ్యాహ్నం క్యారేజీ పంపే ఆడవాళ్లు కిరాణా కొట్టు బాకీ చూసి బెంగపడుతుంటారు. ఆ కంపెనీ గేటుకూ ఈ గదికీ మధ్య చాలాచోట్ల యాభై కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. అయినా ఆ డబ్బు ఈ గడప తొక్కదు. లక్ష, రెండు లక్షల చిన్న గ్రాంట్లను జిల్లాలోనే మంజూరు చేసే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరగాలి. అదీ ఈ ఏడాదే జరగాలి.

ఇది ఇన్నాళ్లూ జరగనిది డబ్బు లేక కాదు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు - వీటిలో ఏ ఒక్కటి చేరినా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం వెచ్చించాలి. 2022-23లో దేశం మొత్తమ్మీద ఈ పద్దు కింద దాదాపు 30 వేల కోట్ల రూపాయలు ఖర్చయ్యాయి. కంపెనీ పనిచేసే చోటికీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకీ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కొనసాగుతున్న ప్రాజెక్టుకు చెందని సొమ్ము మిగిలిపోతే ఏమవుతుంది? ఆర్నెల్లలోగా ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి వంటి వాటికి జమకావాలి. అంటే పక్క ఊరి బడికి చేరగలిగిన రూపాయి ఢిల్లీకి వెళుతుంది.

ఊరి సంఘం ఈ నిధి అడగాలంటే ఏం కావాలో చూడండి. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై ఉండాలి. పాన్ ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ అని అందరూ పిలిచే రిజిస్ట్రేషన్లు రెండూ ఉండాలి. నిధి అడుగుతున్న పనిలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం చూపాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి వీటికి సీఎస్‌ఆర్-1 ఫారం తోడైంది. దానికి డిజిటల్ సంతకం, ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ లాంటి నిపుణుడి ధ్రువీకరణ కావాలి. ఇవన్నీ సమకూర్చుకున్నాక కంపెనీ వారి సొంత దరఖాస్తు ఎదురవుతుంది. అది ఇంగ్లిషులో ఉంటుంది. పదుల పేజీలుంటుంది. కార్యకర్తలకు బస్సు చార్జీలు కూడా ఇచ్చుకోలేని సంఘం ముందుగా ఆడిటర్ ఫీజుకు చందాలు వసూలు చేయాలి. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ ఈ కాగితాలు ఎలా నింపాలో కూర్చోబెట్టి చెప్పే మనిషి లేడు.

విదేశీ విరాళాల సంగతి మరీ అన్యాయం. నేరుగా రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్లలో కనీసం 15 లక్షలు ప్రధాన కార్యక్రమాల మీద ఖర్చు చేసి ఉండాలి. అంత లేని చిన్న సంఘాలను, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థలు ఒకప్పుడు తమకు వచ్చిన దానిలోంచి కొంత ఇచ్చి ఆదుకునేవి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ఆ చేయూతను పూర్తిగా నిషేధించింది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడిన తెలుగువాడు అక్కడి పౌరసత్వం తీసుకున్నాక సొంత ఊరి సంఘానికి పంపే విరాళం కూడా చట్టం దృష్టిలో విదేశీ సొమ్మే. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న మాట ఇలాంటి స్థితిని చూసే పుట్టి ఉంటుంది. సేవా సంస్థలు నిధులు సేకరించుకునేందుకు పెట్టిన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజీ వచ్చి దారి చూపుతుందనుకుంటే, అందులో నమోదుకు ముందటి ఏడాది 50 లక్షలు ఖర్చు చేసి ఉండాలన్న నిబంధన పెట్టారు. అది చిన్నవాళ్ల కోసం కట్టిన ఇల్లు కాదని మొదటి మెట్టు దగ్గరే తెలిసిపోయింది.

ఈ దేశం మొదట్లో ఇలా ఆలోచించలేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆంధ్ర మహిళా సభను చిన్న పిల్లల తరగతుల నుంచి పెంచి పెద్దచేసిన మనిషి ఆమె. అద్దె గదిలో నడిచే సేవకు ఏం కావాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడమే ఆ బోర్డు ముఖ్యమైన పని. ఇప్పుడు ఆ బోర్డు లేదు. గ్రామీణ సంఘాలకు నిధులిచ్చిన కపార్ట్‌ను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో కలిపేశారు. లోపాలు వాటిలోనూ ఉన్నాయి, కాదనం. కానీ చిన్న సంఘం ఉత్తరం రాస్తే తీసి చదవాల్సిన బాధ్యత ఉన్న ఒక చిరునామా అప్పుడు ఉండేది. వాటిని తీసేసినవారు ఆ చోటును ఖాళీగా వదిలేశారు.

కాగితాల మీదే బతికే దొంగ సంస్థల మాటేమిటని అడిగేవారు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. నకిలీ సంఘాలు ఉన్నాయి, ప్రజల సొమ్ము తిన్నవీ ఉన్నాయి. కానీ ఇప్పుడున్న వడపోతలో దొరుకుతున్నది ఎవరు? కాగితం తయారుచేయడమే వృత్తిగా పెట్టుకున్నవాడు ప్రతి ఫారమూ దాటుకుంటూ వెళతాడు. పనిలో పడి కాగితం మరిచిపోయినవాడే ఆగిపోతాడు. ఎవరు నిజంగా పనిచేస్తున్నారో ఊరికి తెలుసు. రోజూ క్యారేజీ వస్తోందో లేదో తినే ముసలమ్మను అడిగితే చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి మనకు కొత్తా? ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని ఒక వ్యవస్థగా నిలబెట్టి దేశానికి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టర్ రోల్‌ను ఊరి మధ్య గట్టిగా చదివించిన రాష్ట్రాలకు, లక్ష రూపాయల గ్రాంటు లెక్కను గ్రామసభలో చదివించడం కష్టమైన పనేమీ కాదు.

ఇంకొక సాక్ష్యం మన ఇళ్లలోనే ఉంది. పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు తీర్మానాల పుస్తకం, పొదుపు లెక్క, అప్పు లెక్క ఏళ్ల తరబడి రాస్తున్నారు. ఆ పుస్తకాలను చూసి బ్యాంకులు తాకట్టు లేకుండా లక్షల రూపాయలు అప్పిస్తున్నాయి. అప్పు విషయంలో నమ్మదగ్గ ఆడవాళ్లు గ్రాంటు విషయంలో ఎందుకు నమ్మదగ్గవాళ్లు కారు?

కంపెనీల ఇబ్బంది కూడా మాకు తెలుసు. మూడు కోట్ల ప్రాజెక్టును పరిశీలించడానికి పట్టే శ్రమే మూడు లక్షలదానికీ పడుతుంది. అందుకే ఒకే పెద్ద సంస్థకు ఇచ్చేసి చేతులు దులుపుకుంటున్నారు. ఆ శ్రమను జిల్లా యంత్రాంగం తన మీద వేసుకోవాలి. కలెక్టరేట్‌లో ఒక సహాయ కేంద్రం, రిజిస్ట్రేషన్ల పని ఉచితంగా చేసిపెట్టే ఒక అకౌంటెంట్, రాష్ట్ర బడ్జెట్ నుంచి జిల్లాకొక చిన్న గ్రాంట్ల నిధి కావాలి. దరఖాస్తు తెలుగులో రెండు పేజీలు మించకూడదు. అరవై రోజుల్లో ఇస్తామనో ఇవ్వమనో జవాబు రావాలి. బ్రిటన్‌లో జాతీయ లాటరీ సొమ్ముతో నడిచే నిధి 300 పౌండ్ల నుంచి 20 వేల పౌండ్ల వరకు చిన్న సంఘాలకోసమే ఒక పథకం నడుపుతోంది. 300 పౌండ్లంటే మన లెక్కలో కొన్ని పదుల వేల రూపాయలు. అంత చిన్న మొత్తం అడగడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

కేంద్రం చేయాల్సిందీ ఉంది. సీఎస్‌ఆర్ నిబంధనల్లో నాలుగోదాన్ని సవరించి, ఏడాదికి అయిదు లక్షల లోపు గ్రాంటుకు కలెక్టర్ ధ్రువీకరణ, గ్రామసభ తీర్మానం చాలని చెప్పాలి. ఇది అసాధ్యమేమీ కాదు. ఆదాయం 5 కోట్లు మించని ట్రస్టుల రిజిస్ట్రేషన్ గడువును అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెంచుతూ 2025లో పార్లమెంటే చట్టం చేసింది. చిన్నవారికి వేరే కొలత ఉండాలని ఆ సవరణతో ఒప్పుకున్నట్టే. అక్కడ ఒప్పుకున్నది ఇక్కడా ఒప్పుకోవాలి. విదేశీ విరాళాల చట్టంలోని ఏడో సెక్షన్‌నూ సవరించి, చిన్న మొత్తాల వరకైనా పెద్ద సంస్థ చిన్న సంఘానికి సాయపడే వీలు కల్పించాలి.

చివరిగా, అద్దె, జీతం, కరెంటు బిల్లుల విషయం. 'ప్రాజెక్టుకైతే ఇస్తాం, ఆఫీసు ఖర్చులకు ఇవ్వం' అన్న మాట చిన్న సంఘాల ఊపిరి తీస్తోంది. పరిపాలన ఖర్చు మీద 5 శాతం పరిమితి కంపెనీ సొంత ఖర్చుకే వర్తిస్తుంది, పనిచేసే సంస్థకు కాదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులోనే తేల్చి చెప్పింది. అయినా ఆ కోత సంఘాల నెత్తిన పడుతూనే ఉంది. పాఠం చెప్పే అమ్మాయికి నెలకు ఆరు వేలు ఇవ్వనివ్వకుండా నోటు పుస్తకాలు మాత్రం కొనిస్తే అక్కడ బడి నడవదు. గ్రాంటులో నాలుగో వంతు మనుషుల జీతానికీ గది అద్దెకూ వాడుకోవచ్చన్న ఒక్క వాక్యం కంపెనీలు తమ ఒప్పంద పత్రాల్లో రాయాలి. దానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు. వచ్చే బోర్డు సమావేశంలోనే రాయవచ్చు.