ముందు కరెంటు దారి నేర్పండి



అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం 2016లో వచ్చాక ఆర్డుయినో, ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డులు బడిపిల్లల చేతికి అందాయి. సంతోషమే. అయితే వాళ్లకు చెప్పే మొదటి పాఠం ఎల్‌ఈడీ వెలిగించి ఆర్పడం. బోర్డుకు రెండు వైపుల నుంచి కరెంటు వస్తే ఏమవుతుందన్నది మొదటి పాఠం కావాలని నా వాదన.

అండమాన్‌లో ఈ అవసరం మరీ ఎక్కువ. కరెంటు పోయినా ప్రయోగం ఆగకూడదని బోర్డుకు సోలార్ ప్యానెల్, బ్యాటరీ తగిలిస్తాం. ప్రోగ్రామ్ ఎక్కించడానికి ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ కేబులూ గుచ్చుతాం. పేరుకు రెండూ 5 వోల్టులే. మీటరు పెడితే ఒకటి 5.2, ఇంకొకటి 4.8 చూపించవచ్చు. మధ్యలో అడ్డు లేకపోతే ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు కరెంటు ఎదురెక్కుతుంది. ల్యాప్‌టాప్ పోర్టుకే ముప్పు రావచ్చు.

‘ఆ సంగతి బోర్డే చూసుకుంటుంది’ అనేవాళ్లున్నారు. అది సగమే నిజం. 2007 నాటి ఆర్డుయినో డియెచిమిలా బోర్డులో జంపర్‌ను చేత్తో మార్చి సరఫరాను ఎంచుకోవాల్సి వచ్చేది. తర్వాతి ఆర్డుయినో ఊనోలో ఆ పని వోల్టేజీలను పోల్చి చూసే కంపారేటర్ చేస్తుంది: అడాప్టర్ జాక్ వైపు వోల్టేజి సుమారు 6.6 దాటితే యూఎస్‌బీ దారి మూసేస్తుంది. కానీ బ్యాటరీ తీగను నేరుగా 5 వోల్టుల పిన్నుకు కలిపామా, ఆ కాపలా ఎందుకూ కొరగాదు. రాస్ప్‌బెర్రీ పై పికోలో యూఎస్‌బీ వైపు కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే షాట్కీ డయోడ్ బోర్డు మీదే ఉంది. బ్యాటరీ వైపుది మనమే పెట్టుకోవాలి. రెండూ ఉంటే వోల్టేజి ఎక్కువున్నదే బోర్డును నడుపుతుంది, కరెంటు రెండోదానిలోకి ఎదురెక్కదు. ఈఎస్‌పీ32 డెవ్‌కిట్ తయారీదారులైతే సూటిగానే చెప్పారు: యూఎస్‌బీ, 5 వోల్టుల పిన్ను, 3.3 వోల్టుల పిన్ను, ఈ మూడింటిలో ఒక్క దారే వాడాలి.

మన దీవుల విద్యుత్ వ్యవస్థే దీనికి పెద్ద ఉదాహరణ. దేశపు గ్రిడ్‌తో మనకు లంకె లేదు. ప్రధాన ఆధారం డీజిల్ జనరేటర్లు. అట్టంపహాడ్, డాలీగంజ్‌లలో ఎన్‌ఎల్‌సీ ఇండియా పెట్టిన 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాలకు 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ తోడుంది. మబ్బు పడితే సౌర విద్యుత్తు తగ్గుతుంది, బ్యాటరీ ఆదుకుంటుంది. ఏ జనరేటర్‌నైనా లైనుకు కలిపే ముందు వోల్టేజి, ఫ్రీక్వెన్సీ సరిచూస్తారు. పవర్‌హౌస్‌లో తప్పనిసరైన ఈ జాగ్రత్త బడి బల్ల మీద ఎందుకు అక్కర్లేదు?

మొదటి రోజే ఇవన్నీ చెబితే పిల్లలు బెదిరిపోతారనేది మరో అభ్యంతరం. బోర్డు కాలిపోతే అంతకన్నా ఎక్కువ బెదురుతారు. పైగా మారు బోర్డు సముద్రం దాటి రావాలి. ఈ పాఠానికి రెండు బ్యాటరీలు, ఒక మల్టీమీటరు, ఒక డయోడ్ చాలు. డయోడ్ ఏ దిక్కున కరెంటును పోనిస్తుందో, ఏ దిక్కున ఆపుతుందో ఒక్క పీరియడ్‌లో వాళ్లే కొలిచి చూస్తారు.

అందుకే బడులకు కిట్లు కొనేవారిని కోరేది మూడే. ప్రతి కిట్‌లో నాలుగు షాట్కీ డయోడ్లు, ఒక స్విచ్చి, ఒక మల్టీమీటరు ఉండాలి. బోర్డుకు ఏయే పిన్నుల ద్వారా కరెంటు ఇవ్వవచ్చో, వేటిని కలిపి వాడకూడదో చూపే బొమ్మ తెలుగు, హిందీల్లో ల్యాబు గోడ మీద ఉండాలి. ఆ బొమ్మ గీసి చూపించగలిగిన విద్యార్థికే యూఎస్‌బీ కేబులు ఇవ్వాలి.

ఇట్లు
ఒక పాఠకుడు,
జంగ్లీఘాట్, శ్రీ విజయపురం