మోగని గంటకే మర్యాదా?

"ఇది హాకీ మైదానం, ఎద్దుల సంత కాదు."

మొన్న అనంతపురంలో జరిగిన అంతర కళాశాలల బాలికల పోటీలో ఒక పెద్దమనిషి సెలవిచ్చిన మాట ఇది. ఆయన పేరు, ఆయన కొలువు చేసే కళాశాల పేరు ఇక్కడ అనవసరం. ఆ మాట ఆయన ఒక్కరిదే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాను. చదువుకున్నవారిలో చాలామంది మనసులో ఉన్నదే ఆయన నోట వెలువడింది. పోట్లాట ఆ మాటతోనే గాని మనిషితో కాదు.

జరిగింది చెబుతాను. ప్రేక్షకులలో ఒక విద్యార్థిని కంచు గంట పట్టుకుని నిలబడింది. ఎద్దు మెడలో పట్టెడకు వేలాడే గంట. ఆమె మోగిస్తుంటే చుట్టూ ఉన్న నలభై యాభైమంది చప్పట్లతో బదులు పలుకుతున్నారు. విరామ సమయంలో ఆ పెద్దమనిషి వచ్చి గంట లాక్కుని, పై వాక్యం పలికి, దాన్ని కార్యాలయంలో పెట్టి తాళం వేయించారు. మిగతా ఆట నిశ్శబ్దంగా ముగిసింది. జనం మెల్లగా లేచి వెళ్ళిపోయారు. చివరి గోలు పడేనాటికి చూడడానికి మిగిలినవాళ్ళు పదిమంది లేరు.

ఆ గంట నాకు కొత్తది కాదు. 2002 కరువులో మా జేజినాయన కాడెద్దులను అమ్మేశాడు. చెనిక్కాయ చేతికి రాలేదు, గడ్డివామి అడుగంటింది, బోరులో నీళ్ళు లేవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే నేల మాది. ఆ కాస్తా తప్పితే మొదట కొట్టం ఖాళీ అవుతుంది. పలుపు తాడు కొన్నవాడి చేతిలో పెట్టేముందు జేజినాయన ఎద్దుల మెడలోని గంటలు విప్పుకున్నాడు. అవి దూలానికి వేలాడుతూ ఉండిపోయాయి. ఆ మరుసటి ఏడాది వాటిలో ఒకదాన్ని నేను కళాశాల హాకీ ఆటకు పట్టుకుపోయాను. తిరిగి వచ్చాక ఆయన అడిగింది ఒక్కటే: "మోగిందా?"

ఆ ప్రశ్న విన్నవాణ్ణి కాబట్టి, "ఎద్దుల సంత" అన్న మాట నాకు తిట్టులా వినిపించదు. తిట్టుగా వాడినవారి అజ్ఞానం మాత్రం వినిపిస్తుంది.

గంట మోగించడమంటే చేతికొచ్చినట్లు ఊపడం కాదు. అదొక విద్య. హాకీ మైదానం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. బంతి మనవాళ్ళ రక్షణ పంక్తిలో ఉన్నప్పుడు గంట నింపాదిగా పలకాలి, కాడెద్దులు ఇంటికి నడిచి వస్తున్నట్లు. బంతి అవతలి 23 మీటర్ల గీత దాటితే వేగం పెరగాలి. 'డి'లోకి చొరబడితే ఇక ఊపిరాడకూడదు. పెనాల్టీ కార్నర్ ఇచ్చారా, గంట నాలుకను వేళ్ళతో బిగించి పట్టుకోవాలి. ఆ మౌనంలో జనమంతా ముందుకు వంగుతారు. కాబట్టి గంట పట్టినవాడికి ఆట తెలియాలి. ఆట తెలియని జనానికి ఆ చప్పుడే ఆటను నేర్పుతుంది. హాకీ అంటే ఏమిటో ఎరుగని మా ఊరి పిల్లలు, గంట ఎప్పుడు ఆగిందో చూసి పెనాల్టీ కార్నర్‌ను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. ఏ శిక్షణ శిబిరం ఇంత చవకగా ప్రేక్షకులను తయారుచేసింది?

ఎదుటి వాదనను దాటవేయను. అంపైరు ఈల వినబడదంటారు. ఇది న్యాయమైన మాట. హాకీ ఈల మీద నడిచే ఆట. ఈల వినక కర్ర విసిరితే దెబ్బ తగిలేది ఆటగాళ్ళకే. గోల్‌కీపర్ తన రక్షకులకు ఇచ్చే కేకలు కూడా వారి చెవిన పడాలి. అందుకు మందు నియమం గాని నిషేధం కాదు. పెనాల్టీ కార్నర్, పెనాల్టీ స్ట్రోక్ వేళల్లో మౌనం. గోలు వెనుక గంట వద్దు. అంపైరు చెయ్యెత్తి ఆపమంటే ఆపాలి. అమ్మాయిల ఆటలో గంట చాటున వెకిలి కేకలు వేసేవాణ్ణి బయటకు పంపండి, మేమూ ఒక చెయ్యి వేస్తాం. కానీ ఒకడి నోటి కంపుకు పదిమంది చేతి గంటను శిక్షించడం ఏ ధర్మశాస్త్రం?

అమెరికాలో మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయపు అభిమానులు వారి ఫుట్‌బాల్ ఆటలకు ఆవు గంటలు తెస్తారు. వారి పోటీల సమాఖ్య 1974లో కృత్రిమ చప్పుళ్ళను నిషేధించింది. గంటలు ఆగలేదు. చివరకు 2010లో షరతులతో అనుమతించారు: ఆట మొదలయ్యే క్షణంలో మౌనం, విరామంలో మోత. ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయం మంచు హాకీ ఆడుతుంటే లైనా రింక్‌లో ఆవు గంట దరువుకే జనం కేక కలుపుతారు. అక్కడికి చదువులకు వెళ్ళిన మన పిల్లవాడు ఆ గంట ఫొటో పంపితే "ఎంత గొప్ప సంప్రదాయం!" అని మురిసిపోతాం. అదే గంట మన కొట్టంలోంచి వస్తే మోటుతనం.

మన దేశంలోనే ఒడిశాకు చెందిన సుందర్‌గఢ్ చూడండి. అక్కడి ఆదివాసీ గ్రామాల్లో గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే హాకీ పోటీలు జరుగుతాయి. ఆ నేల నుంచే దిలీప్ తిర్కీ వంటి భారత సారథి వచ్చాడు. ఆ జిల్లాలోని రవుర్కెలాలోనే ఇరవై వేలకు పైగా ప్రేక్షకులు పట్టే బిర్సా ముండా మైదానం లేచి, 2023 ప్రపంచ కప్పుకు వేదికయింది. మేకపోతు అక్కడ హాకీ పరువు తీయలేదు. పశువుల కొట్టానికి, హాకీ కర్రకు వైరముందని ఎవరు చెప్పారు?

అసలు అభ్యంతరం చప్పుడు మీద కాదని నా అనుమానం. అదే మైదానంలో అతిథిగారి రాక కోసం ఆట గంటసేపు ఆగితే ఎవరూ ప్రశ్నించరు. ఆయన వస్తుంటే పేలిన టపాకాయలకు చెవులు మూసుకోరు. పెట్టెలు పెట్టెలుగా పేర్చిన డీజే మోతకు తల ఊపుతారు. మరి అరచేతిలో ఇమిడే కంచు గంట మాత్రమే ఎందుకు చెవిలో ముల్లయింది? ఎందుకంటే దాన్ని అద్దెకు తేలేదు, ఇంటి నుంచి తెచ్చారు. దానికి పేడ వాసన ఉంది. చప్పుడు చేసేవాడు తక్కువ, కూర్చుని వినేవాడు ఎక్కువ అన్న పాత లెక్క మన బుర్రల్లోంచి ఇంకా పోలేదు. ఉరుములు వాయించేవారిని పండుగకు పిలిచి, పంక్తికి పిలవని సమాజం మనది. ఆ లెక్కే మైదానంలో క్రమశిక్షణ అన్న ముసుగు వేసుకుని కూర్చుంది.

హాకీకి ఈ ప్రాంతంలో ఆదరణ లేదని వాపోయేదీ ఈ పెద్దలే. నిజమే, 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ ఆర్.డి.టి. మైదానానికి వచ్చినప్పుడు అనంతపురం కదిలి వచ్చింది. హాకీకి అలా రాదు, బాలికల హాకీకి అసలే రాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్ళిన ఇటిమరపు రజని భారత జట్టు గోల్‌కీపర్ స్థాయికి చేరిందని మన కళాశాలల్లో ఎందరికి తెలుసు? ఆదరణ ఉత్తర్వులతో రాదు. ఎవరో ఒకరు మొదట చప్పట్లు కొట్టాలి. ఆ మొదటి చప్పట్లను కొట్టించేదే గంట. దాన్ని తాళం వేసి ఉంచి, ఖాళీ మెట్లను చూసి కన్నీరు కార్చడం దేనికి?

ఒక్కసారి లేపాక్షికి వెళ్ళి రండి. సుమారు 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది మెడ చూడండి. విజయనగర కాలపు శిల్పి ఆ మెడకు గంటలు చెక్కడం మరువలేదు. అక్కడ మనం చెప్పులు విప్పి చేతులు జోడిస్తాం, బంధువులను తీసుకెళ్ళి చూపిస్తాం. కానీ అది రాతి గంట, మోగదు. ఏరువాక నాడు ఎద్దు మెడలో మోగినది, ఎద్దు పోయాక ఒక ఆడపిల్ల చేతిలో మోగింది. అది మాత్రం మనకు అవమానం. మోగని గంటకు మొక్కి, మోగే గంటకు తాళం వేసే భక్తి ఏం భక్తి?

అయ్యా, ఈ నేలలో ఎద్దులు ఎటూ తగ్గిపోతున్నాయి. దూలాలకు వేలాడే గంటలు మిగిలాయి. వాటికి ఇంకొక పని దొరికిందని సంతోషించవలసింది పోయి కోపగించుకుంటారా? నియమాలు రాయండి, పాటిస్తాం. ముందు ఆ గది తాళం తీసి, ఆ పిల్ల గంట ఆ పిల్లకు ఇచ్చెయ్యండి. ఇంటి దగ్గర ఎవరో ఒక పెద్దాయన "మోగిందా?" అని అడుగుతాడు. ఆమె ఏమని చెప్పాలి?