చల్లారిన కొలుములు

జర్మనీదేశమున సార్ నదీతీరమందు ఫోల్క్‌లింగెన్ అను పట్టణము గలదు. అచ్చటి ఇనుపకర్మాగారమును 1873లో జూలియస్ బూఖ్ అను ఇంజనీరు స్థాపించెను. ఆఱేండ్లకే అది మూతపడగా, 1881లో కార్ల్ రోష్లింగ్ కొని, 1883లో పెద్దకొలిమి రగిల్చెను. ముడిరాయిని, కోకుబొగ్గును పైనుండి పోసి, క్రిందినుండి కాగిన గాలి నూదిన, ఇనుము నీరై పాఱును. మన పొయ్యి ఆఱినను మరల రాజేసికొందుము. అట్టి కొలిమి మాత్రము రేయింబవళ్లు మండవలసినదే. నూఱేండ్లకు పైగా మండిన ఆ కొలుములు 1986లో చల్లారెను.

పాడుపడిన దానిని కూల్చక నిలుపుటచే, 1994లో యునెస్కోవారు ప్రపంచవారసత్వములలో జేర్చిరి. తుప్పుపట్టిన ఆఱు కొలుములను జూచుటకు జనులు నేడు మెట్లెక్కి పోవుచున్నారు. కోకుబొగ్గు కాల్చినచోట చెట్లు మొలచి తోట యైనది. దానికి ‘స్వర్గ’మని పేరిడిరి.

ఆ పేరు నాకు రుచింపదు. రెండవ ప్రపంచయుద్ధమున పండ్రెండువేలకు పైబడిన పరదేశీయులచే ఇచ్చట బలవంతముగ పని చేయించిరి. 2018లో క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ యను ఫ్రెంచి కళాకారుడు తుప్పుపట్టిన పెట్టెల నడుమ నల్లని పాతబట్టలు గుట్టపోసి, వారి పేరులు గుసగుసగా వినవచ్చునట్లు చేసెను. వానిలో స్త్రీల పేరులును గలవు.