ఇమ్యూనిటీ పెంచుకునే నిల్వ కాదు

కోవిడ్ వచ్చి వెళ్లాక మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. ఒంట్లో ఇమ్యూనిటీ అనేది ఒకటుంటుంది. అది కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. తక్కువున్నవాళ్లు కషాయమో, పొడో, మాత్రో వేసుకుని పెంచుకుంటే ఏ జబ్బూ దరిచేరదు. 2020లో పసుపు పాల నుంచి ఐస్‌క్రీం దాకా ఈ మాట చెప్పి అమ్మారు. మహమ్మారి సద్దుమణిగినా నమ్మకం సద్దుమణగలేదు. పిల్లవాడికి నాలుగు రోజులు జలుబు చేస్తే చాలు, ఇమ్యూనిటీ తగ్గిందంటూ మందుల షాపుకు పరుగెత్తుతున్నాం. ఈ నమ్మకం తప్పు మాత్రమే కాదు, హానికరం కూడా. మనల్ని కాపాడేది ఒక్క రక్షణ కాదు, పనితీరులో ఒకదానికొకటి పోలిక లేని అనేక రక్షణలు. వాటి సత్తా మోతాదులో లేదు. శత్రువును సరిగ్గా గుర్తుపట్టడంలో, గుర్తుంచుకోవడంలో, పని ముగిశాక ఆగడంలో ఉంది.

కుక్క కరిచి రక్తం కారిన మనిషికి చేసే వైద్యాన్ని దగ్గరగా చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. ఆ తర్వాత రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయం లోపలా, చుట్టూ సూదితో ఎక్కిస్తారు. అవి గుర్రం రక్తం నుంచో, టీకా వేయించుకున్న మనుషుల రక్తం నుంచో తీసిన సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. అదే రోజు టీకా మొదటి డోసు వేసి, మూడో రోజు, ఏడో రోజు, ఆపైన మిగతా డోసులు ఇస్తారు. టీకాలో ఉన్నది చంపిన వైరస్. దాన్ని చూసి ఒళ్లు సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంతదాకా కాపలా కాసేది అరువు తెచ్చుకున్న రక్షణే. అది వెంటనే పనిచేస్తుంది గానీ కొన్ని వారాల్లో కరిగిపోతుంది, జ్ఞాపకం మిగల్చదు. సొంతంగా నేర్చుకున్నది ఆలస్యంగా వస్తుంది, కానీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే అదే మనిషిని మళ్లీ కుక్క కరిస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు, రెండు డోసుల టీకా చాలు. ఇందులో ‘ఇమ్యూనిటీ పెంచే’ పనికి చోటెక్కడ? లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ప్రతి ఒక్కరినీ చంపుతుంది. ఎంత కండ ఉన్నా, ఎంత పుష్టిగా తిన్నా ఈ మాట మారదు.

పుట్టుకతో వచ్చే రక్షణ వేరు. చర్మం, ముక్కులోని జిగురు, కడుపులోని ఆమ్లం, చొరబడిన క్రిమిని మింగేసే తెల్ల రక్తకణాలు ఎవరొచ్చారని అడగకుండా గంటల్లోనే పనిలో దిగుతాయి. నేర్చుకుని వచ్చే రక్షణ వేరు. బి కణాలు ఒక్కో క్రిమికి సరిపోయే యాంటీబాడీలు తయారుచేస్తాయి. టి కణాలు వైరస్ సోకిన కణాలను వెతికి చంపుతాయి. వాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. ఆ జ్ఞాపకం ఎంత దీర్ఘమో 1846లో ఫారో దీవుల్లో తట్టు వ్యాపించినప్పుడు డెన్మార్క్ వైద్యుడు పీటర్ పానుమ్ నమోదు చేశాడు. జనాభాలో ఎక్కువమంది మంచం పట్టారు. 1781లో తట్టు వచ్చి కోలుకున్న వృద్ధులను మాత్రం 65 ఏళ్ల తర్వాత కూడా అది ముట్టలేదు. కానీ ఆ కవచం తట్టుకే పరిమితం, మరో జబ్బును ఆపదు. తల్లి నుంచి బిడ్డకు అందేది ఇంకో తరహా రక్షణ. కడుపులో ఉండగా మాయ గుండా కొన్ని యాంటీబాడీలు, పుట్టాక ముర్రుపాలతో మరికొన్ని చేరతాయి. గర్భిణికి వేసే ధనుర్వాతం టీకా బిడ్డను కాపాడేది ఈ దారిలోనే. ఆ టీకాతో, శుభ్రమైన కాన్పులతో నవజాత శిశువుల ధనుర్వాతం మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని 2015లో ధ్రువీకరించారు.

ఇక ఈ రక్షణ నిజంగానే హద్దు మీరి పెరిగితే ఏమవుతుంది? అది ఆరోగ్యం కాదు, రోగం. సొంత కీళ్ల మీద దాడి చేస్తే రుమటాయిడ్ కీళ్లవాతం. ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపితే టైప్-1 మధుమేహం. పుప్పొడిని శత్రువనుకుంటే అలర్జీ. కోవిడే దీనికి పెద్ద సాక్ష్యం. చాలామందిని చివరి దశలో ముంచింది అదుపు తప్పిన రక్షణ స్పందనే. 2020 జూన్‌లో బ్రిటన్‌లో ‘రికవరీ’ పేరుతో జరిగిన మందుల పరీక్ష ఫలితాలు వెల్లడయ్యాయి. ఆ స్పందనను అణచే డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలను మూడోవంతు తగ్గించిందని తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం అదే మందు మేలు చేయలేదు. మరుసటి ఏడాది స్టెరాయిడ్ల అతివాడకం, అదుపులేని మధుమేహం తోడై బ్లాక్ ఫంగస్ ఎందరి కళ్లనో, ప్రాణాలనో తీసుకుపోయింది. అణచడం ఒకచోట ప్రాణం పోసింది, ఇంకోచోట తీసింది. డెంగీ మరో పాఠం చెబుతుంది. ఆ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకాక మరో రకం సోకితే, పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ను ఆపకపోగా కణాల్లోకి దారి చూపగలవు. అందుకే రెండోసారి వచ్చే డెంగీ ప్రమాదకరంగా మారే అవకాశం ఎక్కువ. యాంటీబాడీలు ఉండటమే చాలదు, సరైనవి ఉండాలి.

అయితే తిండి, నిద్ర, విటమిన్లు వృథానా అని అడగవచ్చు. కానే కాదు. పోషకాహారం లేని పిల్లలను అంటువ్యాధులు తేలిగ్గా చంపుతాయి. విటమిన్-ఎ లోపమున్న బిడ్డకు తట్టు వస్తే చూపే పోవచ్చు. అందుకే తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు విటమిన్-ఎ చుక్కలు వేస్తారు. కానీ లోపాన్ని పూడ్చడం వేరు, లోపం లేనివాడికి అదనపు రక్షణ అమ్మడం వేరు. మొదటిది వైద్యం. రెండోది ఆధారం లేని వ్యాపారం. పైగా ఆ డబ్బుతో పేద ఇంట్లో గుడ్లు, పప్పు, పాలు వచ్చేవి.

జబ్బు వచ్చి తగ్గితేనే అసలైన రక్షణ వస్తుంది, టీకాలు లేకుండానే మన తాతలు నిక్షేపంగా బతికారు అన్నది ఇంకో వాదన. తట్టు వచ్చి తగ్గినవారికి జీవితాంతం రక్షణ ఉంటుందన్నది నిజమే, పానుమ్ చూసిందీ అదే. కానీ దానికి చెల్లించే మూల్యం చూడాలి. టీకా వేయించుకోని పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షించిన పరిశోధకులు 2019లో ఫలితాలు ప్రచురించారు. ఇతర క్రిముల మీద అంతవరకు పోగుచేసుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్క జబ్బు మీద జ్ఞాపకం సంపాదించడానికి వందల జ్ఞాపకాలు పోగొట్టుకోవడం లాభసాటి బేరమా? ధనుర్వాతంలో ఆ మాత్రం లాభం కూడా లేదు. మనిషిని చంపగలిగే విషం మోతాదు, శరీరం దాన్ని గుర్తుపెట్టుకోవడానికి కావలసినంత కూడా ఉండదు కాబట్టి, కోలుకున్నవారికీ టీకా వేయాల్సిందే. తాతల సంగతంటారా, మశూచి సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు చనిపోయేవారు. మనకు కనిపించిన తాతలు బతికి బట్టకట్టినవారు. పసితనంలోనే పోయినవారు ఎవరికీ తాతలు కాలేదు.

ఈ నమ్మకాన్ని కాలక్షేపపు మాటగా వదిలేయకూడదు. డబ్బాలో పొడి ఉందన్న ధీమాతో టీకా తేదీ దాటిపోతుంది. కుక్క కాటుకు పసరు కట్టి ఊరుకుంటారు. ఊళ్లో కొందరు టీకా మానేస్తే ఇంకా ఆ వయసు రాని పసికందులకు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి తట్టు ముప్పు పెరుగుతుంది. వాళ్లకున్న రక్షణ చుట్టుపక్కలవారిదే. కాబట్టి రక్షణ అమ్ముతామని వచ్చే ప్రతి సరుకునూ మూడు ప్రశ్నలు అడగాలి. ఏ జబ్బు నుంచి? ఎంతకాలం? ఏ పరీక్షలో తేలింది? వీటికి టీకా దగ్గర జవాబుంది. ఇమ్యునోగ్లోబ్యులిన్ దగ్గర ఉంది. జవాబు చెప్పలేని సరుకు మీద ‘ఇమ్యూనిటీ’ అన్న మాట రాసే హక్కు ఎవరికీ ఉండకూడదు, ఆ మేరకు ప్రకటనలను కట్టడి చేసే బాధ్యత ప్రభుత్వానిది.