తరుగు వేరు, మజూరీ వేరు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడేసరికి కృష్ణా డెల్టాలో ధాన్యం డబ్బు చేతికొస్తుంది. రేపల్లె రైలెక్కి కొందరు, బాపట్ల నుంచి మెయిన్‌ లైన్‌ బండిలో కొందరు తెనాలిలో దిగి నగల దుకాణాలకు నడుస్తారు. 2022లో బాపట్ల జిల్లా వచ్చి రేపల్లె అందులోకి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయినా పెళ్లి బంగారానికి ఈ సరిహద్దు పట్టదు. ఆ దుకాణాల్లో కౌంటర్‌ దగ్గర వినపడే మాటలు దాదాపు ఇలాగే ఉంటాయి.

“తరుగెంత బాబూ?”

“వీఏ పన్నెండు పర్సెంటమ్మా.”

“మరి మజూరీ?”

“అన్నీ అందులోనే అండి.”

అడిగినావిడ రెండు అడిగింది. అతను మూడో మాటతో రెంటికీ సమాధానం చెప్పాడు. వీఏ అంటే వాల్యూ అడిషన్‌. తరుగు, మజూరీ ఒకే గొడుగు కింద చేరడం న్యాయమా కాదా అన్నదే ఇక్కడి పేచీ.

తరుగు అంటే పని చేయడంలో పోయే బంగారం. మజూరీ అంటే ఆ పని చేసినవాడి కూలి. ఒకటి గ్రాముల్లో లెక్క, ఇంకోటి రూపాయల్లో. బంగారం ధర పెరిగితే మొదటిదాని విలువ తనంతట తానే పెరుగుతుంది. రెండోది ఎవరో ఒకరు పెంచితే తప్ప పెరగదు. తేడా ఇంతే అయినా డబ్బంతా ఇందులోనే ఉంది.

నిజంగా పోయేదెంత? కుంపటి ముందు కూర్చున్న పనివాణ్ణి కాసేపు చూస్తే తెలుస్తుంది. మూసలో కరిగించేటప్పుడు కాస్త అంటుకుంటుంది. తీగ లాగినప్పుడు ముక్కలు తెగుతాయి. ఆకురాయి పట్టినప్పుడు పొడి రాలుతుంది, మెరుగు పెట్టినప్పుడు ఇంకాస్త పోతుంది. కానీ రాలిన పొడి ఒళ్లో పరుచుకున్న గుడ్డలో పడుతుంది. సాయంత్రం దాన్ని దులిపి మళ్లీ మూసలో వేస్తారు. చేతులు కడిగిన నీళ్లు కూడా పారబోయరు, తేరనిస్తారు. అదీ దాటి వీధిలోకి పోయిన మట్టిని కొనుక్కుని కడిగి బతికేవాళ్లు వేరే ఉన్నారు. కాబట్టి కంటికి కనపడే తరుగు పెద్దది, చివరికి తేలే తరుగు చిన్నది. కొనేవాళ్ల అనుమానం ఇక్కడే మొదలవుతుంది. నాకది అన్యాయమైన అనుమానంగా కనపడదు.

అయితే కథలో అటువైపు కూడా ఉంది. దుకాణందారు పనివాడికి బంగారం అప్పగించేటప్పుడు చాలాచోట్ల రూపాయల్లో కూలి మాట్లాడుకోరు. ఇన్ని గ్రాములకు ఇంత తరుగు అని ఒప్పుకుంటారు. జాగ్రత్తగా చేసి అందులోంచి మిగుల్చుకున్నదే పనివాడి సంపాదన. అంటే తరుగు కడుపులోనే మజూరీ దాక్కుని ఉంది. ఈ రెంటినీ కలిపింది షోరూమ్‌లు కాదు, అంతకుముందే కుంపటి దగ్గర కలిశాయి. పనివాడికి దీంట్లో ఒక మేలు కూడా ఉంది. కూలి బంగారంలో ముడుతుంది కనుక ధర పెరిగితే అతనికీ పెరుగుతుంది.

ఇక కొనేవాళ్ల లెక్క. రెండు కాసుల గొలుసు, అంటే 16 గ్రాములు. 12 శాతం తరుగంటే 1.92 గ్రాములు. లెక్క సులువుకి గ్రాము 5,000 అనుకుంటే తరుగు 9,600 రూపాయలు. గ్రాము 10,000 అయితే అదే గొలుసుకు 19,200. గొలుసు మారలేదు. అచ్చు యంత్రం మీద తయారైనదైతే దాన్ని చేయడానికి పట్టిన సమయమూ మారలేదు. ఆ పెరిగిన 9,600 ఎందుకివ్వాలన్నది కొనేవాళ్ల ప్రశ్న.

వ్యాపారి జవాబు తీసిపారేసేది కాదు. అద్దాల బీరువాలో పెట్టిన సరుకు విలువ కూడా రెండింతలైంది కదా, దాని మీద వడ్డీ, బీమా, కాపలా ఎవరు భరించాలంటాడు. నిజమే. కానీ అవి వ్యాపారం ఖర్చులు, బంగారం తరగడం కాదు. అవి వసూలు చేసుకునే హక్కు అతనికుంది. వాటిని తరుగనే పేరుతో వసూలు చేయడం దగ్గరే నాకు పేచీ.

బరువు మీద శాతం కట్టే పద్ధతి అసలు నష్టపెట్టేది సన్నపని చేసేవాణ్ణి. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్‌ రే వెలికితీసిన ధాతుపేటికల్లో బంగారు పూలు దొరికాయి. అలాంటి పలచటి రేకు పువ్వుకు బంగారం పట్టేది కొద్ది, పని బోలెడు. బరువులో పన్నెండు శాతమంటే ఆ చేతికి దక్కేది ఏముంటుంది? అదే లావుపాటి నున్నటి గాజుకైతే పని తక్కువ, శాతం ఎక్కువ. దుకాణాలు డిజైన్‌ని బట్టి శాతం మారుస్తున్నాయంటే, బరువుకీ పనికీ పొత్తు కుదరదని వాళ్లూ ఒప్పుకున్నట్టే.

బంగారం పనివాడి మీద మనకున్న అపనమ్మకం పాతదే. సుమతీ శతకంలో ఒక పద్యం నమ్మరాని వాళ్లను చెబుతూ అగసాలిని, అంగడివాణ్ణి ఇద్దర్నీ కలిపే కట్టింది. మనం అగసాలిని గుర్తుపెట్టుకుని అంగడివాణ్ణి మరిచిపోయాం. ఆ అగసాలి పడ్డ పాట్లు కూడా మరిచిపోయాం. 1963 జనవరిలో వచ్చిన గోల్డ్‌ కంట్రోల్‌ 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయొద్దంది. 1968లో గోల్డ్‌ కంట్రోల్‌ చట్టమైంది, 1990లో గానీ పోలేదు. అప్పట్లో పని పోయి రోడ్డున పడ్డది కుంపటి ముందు కూర్చున్నవాళ్లే.

ఒకప్పుడు మోసమంతా క్యారెట్‌లో జరిగేది. 2021 జూన్‌ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్క్‌ తప్పనిసరైంది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు గుర్తులుండే హెచ్‌యూఐడీ లేని నగ దుకాణంలో అమ్మకూడదు, కొన్ని మినహాయింపులు తప్ప. 916 అని ముద్ర ఉంటే వెయ్యికి 916 పాళ్లు మేలిమి. నాణ్యం గొడవ చాలావరకు తీరింది గనుక బేరమంతా తరుగు దగ్గరికొచ్చి చేరింది. “తరుగు లేదు” అనే బోర్డులు అందుకే. వాటి కింద మజూరీ ఎంత పెరిగిందో చూడాలి. పాత నగ మార్చేటప్పుడు ఇదే మాటకు మరో అర్థం వస్తుంది. కరిగిస్తే టంకం, మట్టి పోతాయని బరువులో కోస్తారు, దాన్నీ తరుగే అంటారు. కొన్నప్పుడు కట్టిన తరుగు మాత్రం తిరిగి రాదు.

పన్ను చట్టానికీ తరుగు, మజూరీల తేడా సగమే పట్టింది. నగ కొంటే బంగారం, తరుగు, మజూరీ కలిపిన మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. మన బంగారం ఇచ్చి, రిజిస్ట్రేషన్‌ ఉన్నవాడి చేత చేయించుకుంటే మజూరీ మీద మాత్రమే, 5 శాతం.

రెండు వైపులా చూశాక నేను మొగ్గేది విడివిడిగా రాయడం వైపే. ఎరిగిన పనివాడికి ఆర్డరిచ్చి చేతిపని చేయించుకుంటే గ్రాముల్లో తరుగు ఒప్పుకోండి, అది అతని కూలి అని తెలిసే ఇవ్వండి. యంత్రం చేసిన గొలుసుకు మాత్రం మజూరీ రూపాయల్లోనే అడగండి. హాల్‌మార్క్‌ నగ బిల్లులో నికర బరువు, క్యారెట్‌, హాల్‌మార్కింగ్‌ రుసుము విడిగా చూపాలని నిబంధన ఎలాగూ ఉంది. ఆ కాగితం మీదే తరుగు ఒక వరస, మజూరీ ఒక వరస రాయించుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టండి.