ఎండకు తగ్గ ట్యూనింగు

మన పక్క స్పోర్ట్స్ కారంటే ఏందప్పా అని ఎవరన్నా అడిగితే నేను ఫియట్ అనే చెప్తా. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. పెండ్లికొడుకును ఊరేగించిన బండి, డాక్టరుగారి ఇంటి ముందర నిలబడిన బండి, స్టీరింగు కిందే గేరు రాడ్డు ఉండే బండి స్పోర్ట్స్ కారెట్లా అవుతుందని మీ అనుమానం. మద్రాసుకు ఉత్తరాన, మన నెల్లూరు పొయ్యే దోవలో షోలవరం అని ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ మిగిలిపోతే, దాని మీద ఏండ్ల తరబడి కార్ల రేసులు పెట్టినారు. 1990లో ఇరుంగట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చేదాకా దక్షిణాది రేసుగాళ్ళకు అదే పెద్ద తిరునాళ్ళ. దాంట్లో మన ఫియట్లు కూడా ఉరికినాయి. వెనక సీట్లు పీకేసి, హెడ్డు ఫేసింగ్ చేయించి, సైలెన్సరు మార్చి, ఆ 1089 సీసీ ఇంజనుతోనే మోత మోగించినారు. కంపెనీ ఇచ్చిన బలం చూస్తే నలభై హార్స్‌పవర్. ఇప్పటి చిన్న కార్లు కూడా దాన్ని దాటేసినాయి. అయినా దాంట్లోంచి పరుగు పిండినారు చూడండి, అదీ ట్యూనింగంటే.

బెంగళూరోళ్ళు ఊరుకుంటారా? 1982లో సిపానీవాళ్ళ డాల్ఫిన్ వచ్చింది. రెండు తలుపులు, ఫైబర్ బాడీ, 848 సీసీ ఇంజను. జనం పెద్దగా కొనలేదు గానీ, బరువు తక్కువ కాబట్టి ర్యాలీలోళ్ళు మాత్రం ఎగబడినారు. తొంభైల చివర్లో శాన్ స్టార్మ్ అని పైకప్పు లేని రెండు సీట్ల బండి కూడా వచ్చింది. అది ఇప్పుడు యాడన్నా కనిపిస్తే ఆగి ఫోటో తీసుకోండి, మళ్ళీ దొరకదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆదివారం పొద్దున కొడికొండ చెక్‌పోస్టు కాడ నిలబడితే మీకే తెలుస్తుంది. బెంగళూరు నుంచి నూటిరవై కిలోమీటర్లు, హైవే నున్నగా ఉంటుంది, కాబట్టి పాత కార్లోళ్ళకు లేపాక్షి మంచి షికారైపోయింది. ఎంజీలొస్తాయి, హెరాల్డ్‌లొస్తాయి, అద్దంలా పాలిష్ పెట్టిన పద్మినీలొస్తాయి. వచ్చేటప్పుడు ఏ తంటా లేదు. నంది దగ్గర ఆపి, గుడి చూసుకుని, పన్నెండు దాటినాక బయల్దేరబోతారు, అప్పుడు మొదలవుతుంది కత. తాళం తిప్పితే ఇంజను గరగరమంటుంది గానీ అందుకోదు. బానెట్టు లేస్తుంది. చుట్టూ పదిమంది చేరతారు. సలహా ఇయ్యని మనిషి ఒక్కడుండడు, టెంకాయలమ్మే అవ్వతో సహా.

మా హిందూపురంలో పాత బండ్లు చూసే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయనదొకటే మాట: "బండి చెడిపోలేదు సార్, బండికి ఈ ఊరు తెలీదు, అంతే." నాకు ఈ మాట చానా నచ్చింది. ట్యూనింగంటే జోరు పెంచడమని మనవాళ్ళ లెక్క. నన్నడిగితే ముందు బండిని ఊరి ఎండకూ, గాలికీ, నీళ్ళకూ అలవాటు చెయ్యాల, జోరు సంగతి తర్వాత.

మన కరువు నేలలో పాత కారుకు ఒక భాగ్యముంది, అది ముందు చెప్పాల. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మనకదే గొప్ప. ఆ వాన కోసం రైతు మొగులు చూసి చూసి అలిసిపోతాడు గానీ, కారు రేకుకు మాత్రం ఇంతకన్నా సుఖమైన చోటు లేదు. చెన్నైలోనో విశాఖలోనో ముప్పై ఏండ్లున్న బండి కొంటే కార్పెట్టు ఎత్తి చూడండి. ఉప్పుగాలికి ఫ్లోరు తుప్పుపట్టి, వేలు పెడితే దూరిపోతుంది. తలుపుల అడుగు భాగాలదీ అదే గతి. మన పక్క చింతచెట్టు కింద పదేండ్లు పడున్న ఫియట్‌కు కూడా రేకు గట్టిగానే ఉంటుంది. అందుకే బాడీ చూసి కొనేవాళ్ళు మా పక్క రావాల. రబ్బరు చూసి కొనేవాళ్ళు మాత్రం రావద్దు.

ఎండకు ముందు పొయ్యేది రబ్బరే మరి. డోర్ బీడింగులు పెంకులైపోతాయి, ఫ్యాన్ బెల్టు పగుల్తుంది, బ్రేకు హోసులు పైకి బాగానే కనిపించి లోపల పొరలు ఊడతాయి. టైర్లయితే ఇంకా మోసం. షికారు బండి కాబట్టి ట్రెడ్డు అరగదు, కొత్తదానిలాగే ఉంటుంది. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని. ఏడెనిమిదేండ్లు దాటిన టైరుతో హైవే మీద వంద దాటే ఆసామి ధైర్యానికి నేను దండం పెడతా గానీ ఆ బండి మాత్రం ఎక్కను.

నీళ్ళ సంగతికి వస్తే నాకు కోపమొస్తుంది. అయిదారొందల అడుగుల లోతు నుంచి తోడిన బోరు నీళ్ళు తెచ్చి రేడియేటర్లో పోస్తారు. ఇంట్లో నీళ్ళు కాచే బిందె అడుగున తెల్లగా పేరుకునే పొర మనందరం చూసిందే గదా? రేడియేటర్ గొట్టాల లోపలా అదే పేరుకుంటుంది. ఆ గొట్టాలెంత సన్నం! పొర కట్టినాక నీళ్ళు తిరగవు, తిరిగినా వేడి బయటికి పోదు. అప్పుడు మనవాళ్ళు చేసే పని ఇంకా ఘోరం. ఇంజను కాగుతోందని థర్మోస్టాట్ పీకి పారేస్తారు. దాని పనేంది? ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్ పక్కకు పోనీయకుండా ఆపడం. అది లేకపోతే డిసెంబరు పొద్దున బండి ఎంతసేపటికీ వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి. మే నెల మధ్యాహ్నం ఎట్లాగూ కాగుతుంది, ఎందుకంటే అసలు జబ్బు రేడియేటర్లోనే మిగిలిపోయింది.

పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకు మందుంది. పైట్యాంకు టంకం విప్పి, ఒక్కో గొట్టంలో సన్నటి కడ్డీ పోనిచ్చి గీకి, మళ్ళీ అతుకుతారు. ఓపికున్న పనోడు కావాల, అంతే. ఆ తర్వాత కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ కలిపి పొయ్యండి. దొరక్కపోతే మిద్దె మీద పట్టిన వాననీళ్ళు నయం. అవి పడేదెప్పుడంటారా? దానికి నేనేం చెప్పను, దేవుణ్ణడగాల.

ఇంక గుడి ముందర ఆగిపోయిన బండి దగ్గరికి పోదాం. ఫియట్ లాంటి బండ్లలో పెట్రోలు పంపు ఇంజను దిమ్మకే బిగించి ఉంటుంది. వెనక ట్యాంకు నుంచి పెట్రోలును అదే గుంజుకోవాల. నడిచినంతసేపూ ఫ్యాను గాలి తగులుతుంది, కొత్త పెట్రోలు పారుతుంది, ఏమీ కాదు. ఎండలో ఆపేసినాక ఇంజను వేడంతా పంపుకు ఎక్కుతుంది. లోపలి పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు బుడగను గుంజలేదు, కార్బొరేటర్ ఎండిపోతుంది. వేపర్ లాకు అంటారు దీన్ని. తడిగుడ్డ పంపు మీద కప్పి ఇరవై నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే బండి మళ్ళీ అందుకుంటుంది. పాత డ్రైవర్లందరి సీటు కిందా గుడ్డొకటి ఉండేది ఇందుకే. శాశ్వతంగా పోవాలంటే పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరంగా మళ్ళించి, మధ్యలో రేకు అడ్డం పెట్టించాల. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా మనవాళ్ళు ముందు కొనేది మూడు రాగాల హారన్ను.

కార్బొరేటర్ దగ్గర మాత్రం కాస్త నిదానంగా కూర్చుందాం, ఎందుకంటే ఇక్కడే సరదా ఉంది. మనం సముద్రానికి ఆరొందల మీటర్ల పైన ఉన్నాం. చెన్నైతో పోలిస్తే ఇక్కడి గాలి ఒత్తిడి సుమారు ఏడు శాతం తక్కువ. అక్కడ సెట్ చేసిన సోలెక్స్ కార్బొరేటర్‌తో ఇక్కడికొస్తే గాలి తక్కువై పెట్రోలు కొంచెం ఎక్కువవుతుంది. ప్లగ్గులు విప్పితే మసి కనిపిస్తుంది. లేత ఇటుక రంగుంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాల్లేదని, లోపల మంట మితిమీరి కాగుతోందని. ఈ ప్లగ్గు చూసి జబ్బు చెప్పే భాయ్‌లు వైద్యులకేం తీసిపోరు.

ఇదిట్లా ఉండగా పెట్రోలే మారిపోయింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు. ఎథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం పల్చబడుతుంది. ఎత్తు వల్ల చిక్కబడేది, ఎథనాల్ వల్ల పల్చబడేది, కొంతమేర ఒకదానికొకటి చెల్లు! అట్లాగని సంబరపడొద్దు. ఎథనాల్ పాత పంపులోని డయాఫ్రమ్‌ను, రబ్బరు గొట్టాలను మెత్తబరిచి చెడగొడుతుంది, ట్యాంకులో తేమ పీల్చుకుంటుంది. ఎథనాల్‌కు తట్టుకునే హోసులు వేయించి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ పెట్టకుండా ఉంటే సగం బాధ పోతుంది. ప్లగ్గు తెల్లబడితే మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేసుకోవచ్చు. ఒక్క పని మాత్రం చెయ్యొద్దు: జెట్టు మూసుకుపోయిందని తీగ పెట్టి పొడవొద్దు. ఆ రంధ్రాన్ని కొలిచి చేసింటారు, తీగతో గీకితే పెద్దదైపోతుంది, తర్వాత బండి ఎందుకిట్లా తాగుతోందని తల పట్టుకుంటారు. గాలి కొట్టండి, చాలు. ఎయిర్ ఫిల్టర్‌ను కూడా పుస్తకంలో రాసినదానికంటే సగం దూరానికే దులపండి. మన ఎర్రదుమ్ము సంగతి ఆ పుస్తకం రాసినోళ్ళకు తెలీదు.

టాపెట్ల గురించి అడుగుతారు చానామంది. ఇంజను కాగితే వాల్వు కాడ సాగుతుంది, ఆ సాగడానికి చోటుండాలని రాకరుకూ వాల్వుకూ మధ్య వెంట్రుకంత సందు వదుల్తారు. గుడిలో వేలాడే స్తంభం కింద యాత్రికులు గుడ్డ దూర్చి లాగుతారు చూడండి, మేస్త్రీ ఫీలర్ గేజ్ రేకును అట్లాగే ఆ సందులో లాగి చూస్తాడు. తేడా ఏందంటే స్తంభం కింద గుడ్డ దూరితే చాలు, అందరూ చప్పట్లు కొడతారు. ఇక్కడ రేకు దూరితే చాలదు, కాస్త పట్టుకుని రావాల. మరీ వదులైతే టకటకమని మోత. మరీ బిగువైతే మోతుండదు, కానీ వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. శబ్దం లేదని మురిసిపొయ్యే ఓనర్లకే పెద్ద బిల్లు పడేది.

కాలే వాల్వుల మాటెత్తితే సీసం గుర్తొస్తుంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. మన ఊపిరికి మంచిదే. కానీ పాత ఇంజన్లలో ఆ సీసమే వాల్వు సీట్ల మీద మెత్తలా పనిచేసేది. హెడ్డు విప్పినప్పుడు లేతు షాపులో గట్టి సీట్లు వేయించుకుంటే ఆ గొడవ తీరిపోతుంది. ఆయిలు కూడా ఖరీదైనది గదా అని కొత్త కార్ల పల్చటి ఆయిలు పొయ్యొద్దు, పాతవాటికి 20డబ్ల్యూ50 చిక్కదనమే సరి.

ఇవన్నీ చేసే చేతులు తగ్గిపోతున్నాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ బండికి రోగమొస్తే ల్యాప్‌టాప్ తగిలిస్తారు, అదే చెప్తుంది. మా పక్క పిల్లోళ్ళు ఆ పని నేర్చుకుంటున్నారు, నేర్చుకోవాల్సిందే, జీతం అక్కడుంది. కార్బొరేటర్ స్క్రూను పావు చుట్టు తిప్పి చెవి పెట్టి వినే విద్య ఇప్పుడెవరు నేర్చుకుంటారు? సామాన్లకైతే బెంగళూరు జేసీ రోడ్డు, మద్రాసు పుదుపేట ఇంకా ఉన్నాయి. పాత పార్టును చేత్తో పట్టుకుని పోవాల. ఫోన్లో వర్ణించి చెప్తే వేరేదే వస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పి ముగిస్తా. 2021 జులైలో కేంద్రం పాత బండ్లకు రూలు తెచ్చింది. యాభై ఏండ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. ఫీజు ఇరవై వేలు, పదేండ్లు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అని పడుతుంది. మన ఫియట్‌కు పద్మిని అనే పేరు పడింది 1974లో గదా, అప్పటి బండ్లకు ఈ హోదా వచ్చేసినట్టే. హెడ్డు కోసి, చక్రాలు మార్చి, షోలవరం వేషం కట్టించిన బండికి మాత్రం కష్టం. ఇంకో మెలిక ఏందంటే, వింటేజ్ బండిని రోజూ తిప్పకూడదు. ఎగ్జిబిషన్‌కో ర్యాలీకో తీసుకపోవచ్చు. అది కాకుండా పెట్రోలు పట్టించుకోడానికీ, రిపేరుకూ తీసుకపోవచ్చు. ఇది విని భాయ్ పడీపడీ నవ్వినాడు. "ఆ రెండిటికి తప్ప ఈ బండ్లు ఎప్పుడు బయటికొచ్చినాయి సార్?"