ముందు దేహపరీక్ష, పిమ్మట రుసుము

మన అనంతపురం మెట్టసీమలో బోరు వేయించబోయే రైతు మొదట నీటిజాడ చూపించుకొంటాడు. బిడ్డను విమానచోదకుణ్ణి చేయదలచిన తండ్రి మాత్రం ఆపాటి జాగ్రత్త వహించడం లేదు.

డీజీసీఏ నియమాల ప్రకారం శిక్షణ ఆరంభించడానికి రెండవ తరగతి వైద్య ధ్రువపత్రం చాలును. వాణిజ్య చోదక లైసెన్సుకు 200 గంటల విమానయానంతోపాటు ఒకటవ తరగతి పత్రం అనివార్యం. చూపు, వర్ణజ్ఞానం, వినికిడి, గుండె, అన్నిటినీ అందులో నిశితంగా పరీక్షిస్తారు. ఆ పత్రాన్ని ఉద్యోగమున్నంతకాలం పునరుద్ధరించుకొంటూ ఉండాలి.

ఈ కాఠిన్యాన్ని నేను తప్పుపట్టను. విమానంలో కూర్చున్నవారి ప్రాణాలు చోదకుని దేహస్థితిపై ఆధారపడి ఉంటాయి. నా అభ్యంతరమల్లా వరుసక్రమంపైననే.

నా పూర్వవిద్యార్థి ఒకడు రెండవ తరగతి పత్రంతో శిక్షణలో చేరాడు. తండ్రి పొలమమ్మి రుసుము కట్టాడు. తీరా ఒకటవ తరగతి పరీక్షలో గుండెలోపం బయటపడింది. పొలమూ పోయె, ఆకాశమూ దక్కదాయె.

ఒకటవ తరగతి పత్రం చూచిన పిమ్మటనే శిక్షణ సంస్థలు పూర్తి రుసుము స్వీకరించాలని నా అభిమతం. ఆ పరీక్షలు జరిపే వాయుసేన వైద్య సంస్థ మనకు చేరువనున్న బెంగళూరులోనే ఉంది. తల్లిదండ్రులారా, పొలం బేరం పెట్టక మునుపే ఒకమారు అక్కడికి పోయి రండి. కాదన్న మాట ముందుగా వింటే బిడ్డకు వేరొక దారి, మీకు పొలము మిగులుతాయి.